గిడుగు వారూ, మా తాతగారి కార్డులూ

మన సంఘం ప్రత్యేక సంచికకు చిన్ననాటి జ్ఞాపకం ఏదైనా రాసి పంపమని సంపాదకులు అడిగారు. నాకు మా తాతగారు తప్ప వేరే జ్ఞాపకం లేదు. మా తాతగారి గురించి రాయడం మొదలుపెడితే గిడుగు రామమూర్తి పంతులుగారి దగ్గర ఆగక తప్పదు. కనుక ఇద్దరి గురించీ రాస్తున్నాను, పాఠక మిత్రులు మన్నించాలి.

తాతగారిది పాతపట్నం. వేసవి సెలవులకు మేము నౌపడాలో దిగి, పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు ఎక్కేవాళ్ళం. ఆ చిన్న పట్టాల బండి ఇప్పుడు లేదు, 2004లో తీసేసి పెద్ద లైను వేశారు. రాత్రి వాకిట్లో నులకమంచం వాల్చి, తాతగారు మనవలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకునేవారు. రాజుల కథలు చెప్పమని మేమంటే, ఆయన మాత్రం పర్లాకిమిడిలో తనకు చదువు చెప్పిన పంతులుగారి కథ ఎత్తుకునేవారు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడిలోని శాసనాల లిపి తనంతట తానే నేర్చుకుని చదివారు.

తాతగారికి అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం సవరల సంగతి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. అప్పట్లో వాళ్ళ మాటకు లిపి లేదు, పుస్తకం లేదు. పంతులుగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలూ అడవులూ తిరిగారు. మలేరియా పట్టుకుంది. ఆ రోజుల్లో క్వినైను తప్ప మందేముంది? అది మింగి మింగి చెవుడు వచ్చింది. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి తాతగారు, పంతులుగారు ఎదుట ఉన్నట్టే గొంతు పెంచేవారు. వంటింట్లోంచి మా నాయనమ్మ, పిల్లలకు చెవుడు లేదు కదా అని విసుక్కునేది.

సవరలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టారట. ప్రభుత్వం వారు రొక్కం బహుమానం ఇస్తామంటే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారట. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయస్సు 75 ఏళ్ళు.

పంతులుగారు 1911లో రిటైరయ్యారు. మన మిత్రులు ఈ సంవత్సరం గమనించాలి. వాడుక భాష ఉద్యమం ఆయన కొంత ముందుగానే మొదలుపెట్టినా, అసలు పోరాటమంతా ఆ తరువాతిదే. బడిపిల్లలు మాట్లాడేది ఒక తెలుగు, పరీక్షలో రాసేది ఇంకొక తెలుగు. అది ఎవరికీ సరిగా రాదు, పండితులకు కూడా రాదని వాళ్ళ పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. స్కూలు ఫైనలు పరీక్షలో వాడుక తెలుగులో రాయవచ్చునని ఒకసారి ఇచ్చిన అనుమతి, పండితుల గోల వల్ల వెనక్కి పోయింది. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. ఊరూరా తిరిగి, వినపడని చెవులతోనే సభల్లో వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, అర్ధ శతాబ్దం పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఇక నా సంగతి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వ్యాసంలో మా ఇంట్లో మాట్లాడే మాటలే రాశాను. మా తెలుగు మాస్టారు కాగితం అందరికీ చదివి వినిపించి సున్న వేశారు. క్లాసంతా నవ్వింది. ఆ సిగ్గుతో గ్రాంథికం బట్టీపట్టి, రెండేళ్ళలో తెలుగులో ఫస్టు వచ్చాను.

తాతగారు నెలకో కార్డు రాసేవారు. అన్నం తినీసి పడుకున్నాననీ, ఎదురింటి గుంటడికి జ్వరం తగ్గిందనీ, అచ్చం మంచం మీద కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. ఒకసారి నాకేం బుద్ధి పుట్టిందో, ఆ కార్డులో తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, కవరులో పెట్టి ఆయనకే తిరిగి పంపాను. గుంటడు కొట్టివేసి బాలుడు అని రాశాను. నాకప్పుడు పదిహేనేళ్ళు.

జవాబు రాలేదు. రెండు నెలలు కార్డే రాలేదు. మా నాన్నగారికి సంగతి తెలిసి నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధించింది. మూడో నెలలో కార్డు వచ్చింది. కొబ్బరిచెట్టు మీద పిడుగు పడిందనీ, నాయనమ్మ నా కోసం అరిసెలు వండీసి డబ్బాలో పెట్టీసిందనీ, ఎప్పటిలాగే రాశారు. ఎర్రసిరా ఊసు లేదు. ఆ సెలవులకు వెళ్ళినప్పుడు కూడా ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. 1966లో ఆయన పోయారు.

తరువాత రెవిన్యూ శాఖలో చేరి, రైతులకు అర్థంకాని తెలుగులో ఎన్ని నోటీసులు తయారుచేశానో లెక్క లేదు. పాతపట్నం ఇల్లు అమ్మేటప్పుడు తాతగారి ట్రంకుపెట్టె నా వంతుకు వచ్చింది. అడుగున పంతులుగారి 'బాలకవి శరణ్యం' ప్రతి ఒకటి ఉంది. అట్ట ఊడిపోయింది. దాని మధ్యలో నా ఎర్రసిరా కార్డు ఉంది. నేను గుంటడు కొట్టేసినచోట, తాతగారు పైన పెన్సిలుతో మళ్ళీ గుంటడు అని రాసుకున్నారు.