గడప దగ్గర ఆగిపోయిన సిమోన్

మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ పక్కింటి టీచరమ్మగారు సాయంత్రమయ్యేసరికి వచ్చేవారు. ఆవిడ క్రైస్తవులు. నేనేమో దేవుడున్నాడని గట్టిగా అనలేనిదాన్ని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నమ్మితే నయమైపోతుందని ఒక్కనాడూ అనలేదావిడ. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, నేను చెప్పిందే మళ్లీ చెబుతున్నా విసుక్కోకుండా వినేవారు. నాన్నగారు దక్కలేదు. కానీ ఆ బెంచీ నా మనసులో ఉండిపోయింది. ఆవిడ చేసింది ప్రార్థనేనా? అయితే నమ్మకంలేని నాకు అందులోంచి అంత ధైర్యం ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నతో సతమతమవుతున్న రోజుల్లోనే సిమోన్ వేయ్ జీవితం చదివాను. దేవుడి ఊసే లేని ఇంట్లో పుట్టి, చర్చి గడప దాకా నడిచి, లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయిన ఫ్రెంచి స్త్రీ ఆమె.

1909 ఫిబ్రవరి 3న పారిస్‌లో పుట్టింది సిమోన్. తండ్రి బెర్నార్ డాక్టరు. తల్లి పేరు సెల్మా. పుట్టుకకి యూదులే గానీ ఇంట్లో ఆచారాలూ ప్రార్థనలూ ఏమీ లేవు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి సిమోన్‌కి అయిదేళ్లు. సరిహద్దులో సైనికులకి చక్కెర దొరకడం లేదని విని, తనకీ వద్దని మానేసిందిట. మన పిల్లలైతే నవ్వి ఊరుకుంటాం. ఈ పిల్ల మాత్రం ఆ మొండితనాన్ని చివరి ఊపిరి దాకా వదల్లేదు.

అన్న ఆంద్రె ఆమెకంటే మూడేళ్లు పెద్ద. తర్వాత రోజుల్లో గొప్ప గణిత శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. మన దేశానికి వచ్చి 1930 నుంచి రెండేళ్లు అలీగఢ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పాడు. అలాంటి అన్న పక్కన తనెందుకూ కొరగానిదాన్నని కుమిలిపోయి, 14వ ఏట చచ్చిపోదామనుకుంది సిమోన్. నెలల తరబడి ఆ చీకట్లో ఉన్నాక ఒక ఆలోచన ఆమెని ఒడ్డున పడేసింది. తెలివితేటలు తక్కువైనా సరే, సత్యం కోసం మనసంతా నిలిపి ఎదురుచూసేవాళ్లకి అది దొరుకుతుందన్న ఆలోచన. ఆమె జీవితమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగిందనిపిస్తుంది నాకు.

తత్వశాస్త్రం చదివింది. ఆ రోజుల్లో అక్కడే చదువుతున్న సిమోన్ ద బోవా, చైనాలో కరువని విని ఈ అమ్మాయి ఏడ్చేసిందని తెలుసుకుని ఆశ్చర్యపోయింది. 1931లో ల పుయి అనే ఊళ్లో టీచరుగా చేరింది. నిరుద్యోగులకి ఎంత భత్యం వస్తుందో అంతే తనకుంచుకుని, మిగతా జీతం కార్మికుల కోసం ఇచ్చేసేది. దేవుడి విషయం ఎవరైనా ఎత్తితే పక్కన పెట్టేసేది. కావలసిన వివరాలు చేతిలో లేని లెక్కకి జవాబు చెప్పడం తప్పని ఆమె ఉద్దేశం. ఉన్నాడనీ అనేది కాదు, లేడనీ అనేది కాదు.

కార్మికుల గురించి పుస్తకాల్లో చదివితే సరిపోదనుకుంది. ఉద్యోగానికి సెలవు పెట్టి 1934 డిసెంబరులో ఫ్యాక్టరీలో కూలిగా చేరింది. రెనో కార్ల కంపెనీలో కూడా పనిచేసింది. అసలే విడవని తలనొప్పి మనిషి, చేతులు చూస్తే చిన్నవి, పనికి వంగవు. మరుసటి ఆగస్టుకి ఆ పని నుంచి బయటపడింది గానీ, తనొక మనిషినన్న సంగతే మరిచిపోయే స్థితికి వచ్చింది. బానిసతనం ముద్ర తన మీద పడిపోయిందనుకుంది.

అమ్మానాన్నా విశ్రాంతి కోసం పోర్చుగల్ తీసుకెళ్లారు. అక్కడొక సముద్రపు ఒడ్డు పల్లెలో, పున్నమి రాత్రి, జాలరుల భార్యలు కొవ్వొత్తులు పట్టుకుని పడవల చుట్టూ తిరుగుతూ కీర్తనలు పాడుతున్నారు. గుండె పిండేసే పాట. అది వింటుంటే సిమోన్‌కి తట్టింది, ఈ మతం అధికారం చేసేవాళ్లది కాదు, అణగారినవాళ్లదని. వాళ్లలో తనూ ఒకతెనని.

1936లో స్పెయిన్ అంతర్యుద్ధానికి బయల్దేరింది. చూపు సరిగా ఆనక మరుగుతున్న నూనెలో కాలు పెట్టింది. పాపం, అమ్మానాన్నలే వెతుక్కుంటూ వెళ్లి ఇంటికి తెచ్చుకున్నారు. 1937లో ఇటలీలోని అస్సీసీలో, ఫ్రాన్సిస్ మహనీయుడు ప్రార్థించిన చిన్న గుడిలో ఒంటరిగా ఉన్నప్పుడు, జీవితంలో మొదటిసారి మోకరిల్లింది. 1938 ఈస్టరు పండక్కి సొలెమ్ మఠంలో పది రోజులుంది. తల పగిలిపోతున్నా ఆ గానంలో లీనమై, నొప్పిని ఒక మూలన వదిలేయగలిగింది. అక్కడే ఒక ఇంగ్లిషు యువకుడి ద్వారా జార్జ్ హెర్బర్ట్ కవిత పరిచయమైంది. తలనొప్పి భరించలేనప్పుడల్లా దాన్ని వల్లించుకునేది. అలా ఒకసారి వల్లిస్తుండగా క్రీస్తే దగ్గరికి వచ్చినట్టు అనుభవమైందని తర్వాత రాసుకుంది.

ఇక్కడితో కథ సుఖాంతం అయిపోవాలి కదా! కాలేదు. అనుభవం వచ్చాక కూడా ప్రశ్నలు వదల్లేదు ఆమె. మహిమల మీద ఆమెకి ఆసక్తి లేదు. సువార్తల్లో పునరుత్థానం లేకపోతే నమ్మడం తనకి ఇంకా తేలికయ్యేదంది. సిలువ చాలు ఆమెకి. తండ్రి తనని విడిచిపెట్టేశాడని ఏడ్చిన క్రీస్తులోనే ఆమెకి దేవుడు కనిపించాడు. కష్టాన్ని తీసేసే దేవుడు కాదు, కష్టం అడుగుకి దిగివచ్చిన దేవుడు. ఓదార్పు కోసం దేవుణ్ణి పట్టుకున్నవాడికంటే, లేడని నిజాయితీగా అనేవాడే ఆయనకి దగ్గరగా ఉండవచ్చనీ రాసింది. చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

జర్మన్లు పారిస్‌ని పట్టుకున్నాక కుటుంబం మార్సెయి చేరింది. 1941లో అక్కడ పెరాఁ అనే ఫాదరుగారితో స్నేహమైంది. ఆ ఏడే పల్లెలో ద్రాక్షపళ్లు కోసే పనికి వెళ్లి, తోటలో పరలోక ప్రార్థనని గ్రీకులో వల్లించేది. మధ్యలో మనసు చెదిరితే మళ్లీ మొదటికొచ్చేది. సంస్కృతం నేర్చుకుని మన భగవద్గీతనీ చదివింది. జ్ఞానస్నానం తీసుకోమని ఫాదరుగారు ఆశించారు. ఆమె ఒప్పుకోలేదు. చర్చికి బయట ఉన్న కోట్లమందిని, ఇతర మతాలవాళ్లనీ నమ్మకం లేనివాళ్లనీ వదిలేసి తానొక్కతే లోపలికి ఎలా వెళ్లాలని ఆమె బాధ.

ఫాదరుగారి విద్యార్థుల కోసం చదువుల మీద ఒక వ్యాసం రాసిచ్చింది. లెక్క రాకపోయినా దాని మీద మనసు పెట్టిన పిల్లవాడి శ్రమ వృథా కాదంటుంది. మనసు నిలపడం అలవాటైతే అదే రేపు ప్రార్థన అవుతుంది. బాధలో ఉన్న మనిషిని ఏమిటి నీ కష్టమని అడిగి, మన గొడవ పక్కన పెట్టి వినడం కూడా ఆ శక్తితోనే సాధ్యం. పిల్లల చేత హోంవర్కు చేయించే తల్లులం, ఇంత దూరం ఎప్పుడైనా ఆలోచించామా?

1942లో అమ్మానాన్నలతో న్యూయార్క్ వెళ్లింది. వాళ్లనక్కడ దింపి, ఫ్రాన్సు విముక్తి కోసం పనిచేయడానికి లండన్ చేరింది. 1943 ఏప్రిల్లో క్షయ అని తేలింది. బాగా తినాలన్నారు డాక్టర్లు. ఫ్రాన్సులో జనానికి దొరికేదానికంటే ఎక్కువ తిననంది. ఆగస్టు 24న యాష్‌ఫర్డ్ శానిటోరియంలో కన్నుమూసింది. 34 ఏళ్లు.

అమ్మకి మాత్రం జబ్బు సంగతి తెలియనివ్వలేదు. చివరిదాకా కులాసా ఉత్తరాలే రాసింది. ఇక్కడ నాకు ఆమె మీద కోపమొస్తుంది. లోకంలో అందరి ఆకలీ తెలిసిన పిల్లకి, సముద్రం అవతల ఉత్తరం కోసం చూసే తల్లి కడుపు తెలియలేదా? తన పూర్వీకుల యూదు మతం గురించి, అదీ యూదుల్ని చంపుతున్న రోజుల్లో, ఆమె రాసిన కటువైన రాతలూ నాకు మింగుడుపడవు. ఆమెని దేవతని చేయక్కర్లేదు. ఆ తల్లి సెల్మా మటుకు కూతురి నోటు పుస్తకాలు ముందేసుకుని ఏళ్ల తరబడి శుభ్రంగా ఎత్తిరాసింది. సిమోన్ పుస్తకాలు చాలావరకు ఆమె పోయాకే వచ్చాయి. కొన్నిటిని ఆల్బేర్ కామూ దగ్గరుండి అచ్చు వేయించాడు. అతనూ దేవుణ్ణి నమ్మనివాడే.

దేవుడున్నాడా అన్న ప్రశ్నకి సిమోన్ నాకు జవాబివ్వలేదు. బెంచీ సంగతి మాత్రం కాస్త అర్థమైంది. మొన్నీమధ్య టీచరమ్మగారికి మోకాలి ఆపరేషనైంది. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. నాకు ప్రార్థన చేయడం రాదు. ఎలా ఉందండీ అని అడిగి, ఆవిడ చెప్పిందంతా, ఇంటి దగ్గర కుక్కరు గోల కూడా మరిచిపోయి, చివరిదాకా విన్నాను.