అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబర్ 20, 1914 - 2003) ప్రముఖ భారతీయ అణు శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఎ.ఎస్.రావు అన్న పేరుతో సుప్రసిద్ధుడు. దేశంలో మొదటి అణు రియాక్టరు అయిన అప్సరకు నియంత్రణ వ్యవస్థను రూపొందించిన బృందానికి నాయకత్వం వహించాడు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌కు వ్యవస్థాపక మేనేజింగ్ డైరెక్టరు. ఈ సంస్థను అందరూ ఇ.సి.ఐ.ఎల్. అంటారు. రియాక్టరును నిర్మించగల దేశం దాన్ని నడిపే పరికరాలను కూడా స్వయంగా తయారు చేసుకోవాలన్నది ఆయన జీవితకాల కృషికి మూలసూత్రం.

బాల్యం, విద్యాభ్యాసం

సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని మోగల్లు గ్రామంలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించాడు. అల్లూరి సీతారామరాజు కుటుంబానికి కూడా ఇదే స్వగ్రామం. ఆర్థిక ఇబ్బందుల నడుమనే చదువు కొనసాగించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి భౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టా పొందాడు. అక్కడే కొన్నేళ్ళు అధ్యాపకుడిగా పనిచేశాడు. అనంతరం అమెరికా వెళ్ళి, 1947లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకున్నాడు. భౌతిక శాస్త్రం, విద్యుత్ ఇంజనీరింగు రెండింటిలోనూ శిక్షణ పొందినవారు ఆనాడు దేశంలో అరుదు. ఆయన తరువాతి కృషికి ఈ రెండు చదువుల కలయికే పునాది అయింది.

టాటా సంస్థలో

స్వదేశానికి తిరిగి వచ్చాక బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరాడు. హోమీ జహంగీర్ భాభా నాయకత్వంలో 1945లో ఏర్పడిన ఈ సంస్థలో అప్పట్లో విశ్వకిరణాల పరిశోధన ముమ్మరంగా సాగుతుండేది. విశ్వకిరణాలు కంటికి కనిపించవు. అవి వాయువుతో నింపిన గొట్టం గుండా పోయేటప్పుడు అందులోని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అప్పుడు గొట్టంలో క్షణకాలం పాటు అతి స్వల్పమైన విద్యుత్ స్పందన పుడుతుంది. ఆ స్పందనను పెద్దది చేసి, లెక్కించి, నమోదు చేయడానికి ఎలక్ట్రానిక్ వలయాలు కావాలి. గైగర్ కౌంటరు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. ఇటువంటి పరికరాలను విదేశాల నుండి తెప్పించుకోవడం ఖర్చుతో, జాప్యంతో కూడిన పని. పైగా అవి చెడిపోతే బాగుచేసేవారు దొరకరు. అందువల్ల పరిశోధనకు కావలసిన పరికరాలను ఇక్కడే తయారు చేసే ఎలక్ట్రానిక్స్ బృందం రూపుదిద్దుకుంది. ట్రాంబేలో అణుశక్తి కేంద్రం ఏర్పడ్డాక ఆ కేంద్రపు ఎలక్ట్రానిక్స్ విభాగానికి సాంబశివరావు సారథ్యం వహించాడు. ఆ కేంద్రమే నేటి భాభా అణు పరిశోధనా కేంద్రం.

అప్సర రియాక్టరు

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు క్రియాశీలమైంది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో ఇదే మొదటి రియాక్టరు. దీని గరిష్ఠ ఉష్ణ సామర్థ్యం 1 మెగావాట్. ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. రియాక్టరు రూపకల్పన, నిర్మాణం భారతీయులవి.

రియాక్టరులో యురేనియం పరమాణు కేంద్రకాలు చీలినప్పుడు న్యూట్రాన్లు వెలువడతాయి. అవి మరికొన్ని కేంద్రకాలను చీల్చుతాయి. ఈ శృంఖల చర్య అదుపు తప్పకుండా ఉండాలంటే న్యూట్రాన్ల సంఖ్యను అనుక్షణం కొలుస్తూ ఉండాలి. న్యూట్రానుకు విద్యుదావేశం లేదు. కనుక దాన్ని నేరుగా కొలవడం సాధ్యం కాదు. బోరాన్ పరమాణువు న్యూట్రానును గ్రహించినప్పుడు ఆవేశం గల కణాలు వెలువడతాయి. అవి కలిగించే విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి న్యూట్రాన్ల సంఖ్యను తెలుసుకుంటారు. ఆ సంఖ్య హద్దు మీరితే నియంత్రణ కడ్డీలు వెంటనే రియాక్టరులోకి దిగి చర్యను నిలిపివేయాలి. అప్సరలో ఈ కొలతల, నియంత్రణ వ్యవస్థను సాంబశివరావు బృందం స్వయంగా రూపొందించింది.

ఎలక్ట్రానిక్స్ కమిటీ

1962లో చైనాతో జరిగిన యుద్ధం దేశరక్షణకు ఎలక్ట్రానిక్స్ ఎంత అవసరమో తెలియజేసింది. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. విక్రం సారాభాయ్, సూరి భగవంతం, సాంబశివరావు అందులో సభ్యులు. భగవంతం కృష్ణా జిల్లాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. ఆ విధంగా నలుగురిలో ఇద్దరు తెలుగువారే. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. ఆ తరువాత కొద్దికాలానికే నివేదిక వెలువడింది. రానున్న పదేళ్ళలో దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తులను అది అంచనా వేసింది. విడిభాగాలు మొదలుకొని కంప్యూటర్ల వరకు స్వదేశంలోనే ఉత్పత్తి పెరగాలని సూచించింది.

ఇ.సి.ఐ.ఎల్. స్థాపన

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదులో ఏర్పడింది. ట్రాంబే ప్రయోగశాలలో రూపొందిన పరికరాలను కర్మాగారంలో పెద్ద ఎత్తున తయారు చేయడం దీని తొలి లక్ష్యం. సాంబశివరావు దాదాపు దశాబ్దకాలం ఈ సంస్థను నడిపించాడు. సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న మచ్చ బొల్లారం నుండి కౌకూరు, యాప్రాల్ మీదుగా కాప్రా వైపు వెళితే ఈ సంస్థ ప్రాంగణం వస్తుంది. అప్పట్లో ఇవన్నీ నగరానికి దూరంగా ఉన్న పల్లెలు. కొద్ది సంవత్సరాలకే ఇ.సి.ఐ.ఎల్. పొరుగున, రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారు చేసే అణు ఇంధన సంస్థ కూడా వచ్చింది. కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాలలో పారిశ్రామికవాడలు వెలిశాయి.

కంప్యూటర్లు, టెలివిజన్లు

ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వెలువడింది. దేశీయంగా తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఇది ఒకటి. దీని తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 నమూనాలు వచ్చాయి. సంస్థ తయారు చేసిన ఇ.సి. టీవీలు దేశమంతటా మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రపు తొలి నమూనాను ఎన్నికల సంఘం కోసం 1979లో రూపొందించింది కూడా ఈ సంస్థే.

ఈ స్వావలంబన విధానంపై విమర్శలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ రక్షణ ఉన్న సంస్థ కంప్యూటర్లు విదేశీ యంత్రాల కంటే ఖరీదైనవనీ, సాంకేతికంగా వెనుకబడినవనీ కొందరు కొనుగోలుదారులు భావించారు. 1970వ దశకం చివర ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించాక చిన్న కంప్యూటర్ల విపణిలో ఇ.సి.ఐ.ఎల్. ఆధిక్యం తగ్గింది. ఇ.సి. టీవీలు కూడా కాలక్రమంలో కనుమరుగయ్యాయి.

అణుశక్తి రంగంలో పరిస్థితి వేరు. 1974 మే 18న జరిగిన పోఖ్రాన్ అణుపరీక్ష తరువాత కెనడా తన సహకారాన్ని నిలిపివేసింది. రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రంలో అప్పటికే నిర్మాణంలో ఉన్న రెండవ రియాక్టరును భారతీయులు స్వయంగా పూర్తి చేయవలసి వచ్చింది. అటుపై నిర్మించిన రియాక్టర్లకు కొలత, నియంత్రణ పరికరాలు విదేశాల నుండి రావడం దుర్లభమైంది. ఆ లోటును పూరించిన వాటిలో ఇ.సి.ఐ.ఎల్. ప్రధానమైనది. మార్కెట్లో ఖరీదుగా కనిపించిన స్వదేశీ నైపుణ్యం, అమ్మేవారే లేని చోట అక్కరకు వచ్చింది.

పురస్కారాలు

సాంబశివరావుకు భారత ప్రభుత్వం 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ పురస్కారాలు ప్రదానం చేసింది. 1965లో ఇంజనీరింగు విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది.

మరణం, స్మృతి

సాంబశివరావు 2003లో మరణించాడు. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని నివాస ప్రాంతానికి ఆయన పేరు మీదుగా డాక్టర్ ఎ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు. నేడు ఇది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని పెద్ద వాణిజ్య కూడళ్ళలో ఒకటి. ఆయన పేరిట ఏర్పడిన పురస్కారాల మండలి పాఠశాల విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర ప్రతిభా పరీక్షలు నిర్వహించింది. 2008లో చంద్రయాన్-1తో సంబంధాలు నెరపడానికి బెంగుళూరు సమీపంలోని బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల ఆంటెన్నా నిర్మాణంలో ఆయన స్థాపించిన సంస్థ ముఖ్యపాత్ర వహించింది.