బిజినెస్ ఆటకి తల్లి – లిజ్జీ మాగీ

మనం ఆదివారం బిజినెస్ ఆట ఆడతాం కదా. ఊర్లు కొనడం, ఇళ్లు కట్టడం, వచ్చినోళ్ల దగ్గర అద్దె గుంజడం, జైలుకి పోవడం. అలాంటి ఆటలన్నిటికీ మూలమైన ఆటను ఒక ఆడమనిషి కనిపెట్టింది.

ఆమె పేరు ఎలిజబెత్ మాగీ. లిజ్జీ అని పిలిచేవారు. 1866లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం, మకోంబ్ ఊర్లో పుట్టింది. నాయన పత్రిక నడిపేవాడు. ఆయన ఆమెకి హెన్రీ జార్జ్ రాసిన ఒక పుస్తకం ఇచ్చాడు. భూమిని ఏ మనిషీ తయారు చెయ్యలేదు, కాబట్టి భూమి అద్దె మీదనే పన్ను వెయ్యాలి అని ఆ పుస్తకం సారం. ఇది లిజ్జీ మనసులో నాటుకుపోయింది.

పెద్దయ్యాక వాషింగ్టన్‌లో స్టెనోగ్రాఫర్‌గా పని చేసింది. 1893లో టైపు మిషన్‌లో కాగితం సులువుగా పోయే ఏర్పాటు చేసి పేటెంట్ తీసుకుంది. పేటెంట్ అంటే, ఇది ఫలానా మనిషి కనిపెట్టింది అని సర్కారు ఇచ్చే కాగితం. భూమికి పట్టా ఎట్లాగో, ఆలోచనకి పేటెంట్ అట్లాగ.

1904 జనవరి 5న ఆమె ఆటకి పేటెంట్ వచ్చింది. ఆట పేరు భూస్వామి ఆట. నలుచదరం అట్ట, చుట్టూ గళ్లు, నాలుగు రైలు స్టేషన్లు. ఒక మూల భూమాత గడి. అది దాటితే చేసిన కష్టానికి 100 డాలర్ల కూలి. ఇంకో మూల ఒక దొర భూమి. అందులో అడుగు పెడితే జైలుకే! అడవికి కట్టెలకి పోయే మన అమ్మలకి ఈ గడి గురించి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఆమె ఆటకి రెండు పద్ధతులు పెట్టింది. ఒకదాంట్లో ఎవరికి లాభం వచ్చినా అందరూ బాగుపడతారు. రెండోదాంట్లో ఒక్కడే అంతా మింగేసి మిగతావాళ్లని దివాలా తీయిస్తాడు. రెండూ ఆడి చూస్తే ఏది న్యాయమో పిల్లలకే తెలుస్తుందని ఆమె ఆశ.

లిజ్జీకి ధైర్యం ఎక్కువ. 1906లో తనని తానే అమ్మకానికి పెట్టుకుని పత్రికలో ప్రకటన వేసింది! పని చేసే ఆడవాళ్ల బతుకు బానిస బతుకే అని చూపించడానికి. 44 ఏళ్లకి పెళ్లి చేసుకుంది. అప్పట్లో అది చాలా లేటు.

జనం ఆ ఆటని చేత్తో గీసుకుని, తమ ఊరి వీధుల పేర్లు రాసుకుని ఆడారు. అట్లా అది చార్లెస్ డారో అనే ఆయన దాకా వచ్చింది. ఉద్యోగం లేని మనిషి. దాన్ని తన ఆటే అని 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీకి అమ్మాడు. పేరు మోనోపలీ. ఆయన కోటీశ్వరుడయ్యాడు. అదే ఏడాది కంపెనీ లిజ్జీ పేటెంట్‌ని 500 డాలర్లకి కొనేసింది. అమ్మే ప్రతి పెట్టె మీద వాటా ఏమీ లేదు. ఆయన లేనివాడే, నిజమే. అయినా పేరు దాచడం నాకు నచ్చలేదు.

1936లో లిజ్జీ తన పాత అట్టలు పట్టుకుని పత్రికలవాళ్లకి చూపించింది. లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1948లో చనిపోయింది. 1970లలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్రం మాస్టారు కంపెనీతో కోర్టు కేసులో పడి, పాత కాగితాలు వెతికితే ఆమె పేరు బయటపడింది.

మోనోపలీ టీవీకి తగిలించే వీడియో గేమ్ కూడా అయింది. 1988లో సెగా మిషన్‌కి, 1991లో నింటెండో మిషన్‌కి క్యాసెట్లు వచ్చాయి. డబ్బు లెక్క మిషనే చూసుకుంటుంది. తోడు లేకపోతే మిషనే మనతో ఆడుతుంది, అద్దె కూడా వసూలు చేస్తుంది. అందరూ బాగుపడే మొదటి పద్ధతి మాత్రం అందులో పెట్టలేదు.