పగటి చదువు, రాత్రి కొలువు

పూర్వము మన దేశమున పేద విద్యార్థి చదువు సాగించుటకు ముఖ్యముగా రెండు మార్గము లుండెడివి. మొదటిది వారములు చెప్పుకొనుట. ఆదివార మొకరి యింట, సోమవారము వేరొకరి యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఆ గృహిణులు పెట్టిన యన్నము తిని బడికి పోవలెను. రెండవది కలవారి పిల్లలకు సాయంకాలము పాఠములు చెప్పి నెలకు కొన్ని రూపాయలు సంపాదించుట. ఈ రెండింటిని లోకము తప్పుపట్టెడిది కాదు. కాని కాయకష్టము చేసి, ఆ కూలితో చదువుకొనుట మాత్రము గౌరవకుటుంబములవారికి తలవంపులుగా తోచెడిది. చీపురు పట్టిన చేయి పుస్తకము పట్టరాదని ఎవ్వరును శాసింపలేదు. అయినను అందరును ఆ శాసన మున్నట్లే నడచుకొనెడివారు. ఆ కట్టుబాటును దాటి, సముద్రముల కావలి నగరమున రోగుల మలమూత్రపాత్రలు కడిగి చదువుకొనిన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. అప్పటికే ఆయన వైద్యవిద్య ముగించిన వైద్యుడు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానము. తండ్రి అనారోగ్యముచే ముందుగానే ఉద్యోగము విడువవలసివచ్చెను. సంసారము బరువు తల్లిపై బడెను.

ఇంటిలోని లేమిని చూచిన బాలునికి పదమూడవ యేట ఒక ఆలోచన తోచెను. కాశీక్షేత్రమునకు వచ్చు యాత్రికులకు లెక్క లేదు. వారికి అరటిపండ్లు అమ్మినచో కొలదికాలములో ధనవంతుడు కావచ్చును. ఈ ఆశతో అతడు బంధువుల పిల్లవాని నొకనిని వెంట దీసికొని ఇల్లు విడిచి పోయెను. పెద్దలు వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చిరి. ఆ బాలుని లెక్కలో పెద్ద తప్పేమియు లేదు, వయస్సే చాలలేదు. కాని వెంకమ్మ కోరినది అరటిపండ్ల సొమ్ము కాదు. కుమారుడు చదువుకొని తీరవలెనని ఆమె పట్టు.

ఆ పట్టు నెరవేరుట సులభముగా జరుగలేదు. రాజమహేంద్రవరమున చదువుచున్నప్పుడు అతడు మెట్రిక్యులేషను పరీక్షలో తప్పెను. మరల కూర్చుండి మరల తప్పెను. ఈ నడుమ తండ్రి మరణించెను. తల్లి తన బంగార మమ్మి అతనిని చెన్నపట్టణమునకు పంపెను. అచ్చటి హిందూ ఉన్నతపాఠశాలలో చదివి, మూడవసారి ఆ పరీక్షలో కృతార్థుడై ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. కళాశాలలో నుండగా రామకృష్ణమఠము అతనిని ఆకర్షించెను. సన్న్యసించి సేవ చేయుటకు సిద్ధపడెను గాని తల్లి అంగీకరింపలేదు. వైద్యము నేర్చి ప్రజలకు సేవ చేయవచ్చునని మఠములోని పెద్దలు సూచింపగా అతడు ఆ మార్గము నవలంబించెను.

ఆ కాలమున తెలుగు జిల్లాల విద్యార్థి వైద్యపట్టము కోరినచో చెన్నపట్టణము పోక తప్పదు. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923వ సంవత్సరమున గాని ఏర్పడలేదు. సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. స్నేహితులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఖర్చులకు తోడ్పడిరి. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావునకు వివాహము జరిగెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమెల్ల మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు విదేశవస్త్రములు విడిచి, శస్త్రచికిత్సశాలలోనికి సైతము ఖద్దరు అంగీ ధరించి పోయెను. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డునకు అది రుచింపలేదు. తక్కిన విషయములలో బాగుగా వ్రాసినను చివరకు సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఒక అంగీ ఖరీదు అంత అయ్యెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించెను గాని దొరకలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు అధ్యాపకుడుగా చేరెను.

ఇంతకు ముందే ఆ కుటుంబమున ఘోరమైన ఆపద సంభవించెను. సంగ్రహణి జాతికి చెందిన స్ప్రూ అను వ్యాధి సోకి, ఆయన సోదరులిద్దరు కొలదిదినముల యెడములో మరణించిరి. ఈ వ్యాధిలో తిన్న ఆహారము ఒంట బట్టదు, విరేచనములు కట్టవు, రక్తము క్షీణించి మనిషి ఎముకల గూడగును. సుబ్బారావునకును ఆ జబ్బు సోకెను. లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బ్రతికెను. సోదరులను చంపిన జబ్బునకు కారణమేమో, మందేమో చెప్పగల వైద్యు డానాడు లేడు. ఉష్ణదేశముల వ్యాధులను గూర్చి చదువవలెనను కోరిక ఆయన మనస్సున బలపడెను. ఆ విద్యకు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రసిద్ధి కెక్కి యుండెను.

ప్రవేశము దొరికినది గాని ప్రయాణమునకు ధనమేది? కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చెను. మామగారు మరికొంత కూర్చిరి. కొలది యేండ్లలో తిరిగి రాగలనని భార్యకు చెప్పి సుబ్బారావు ఓడ యెక్కెను.

బోస్టను నగరము చేరునప్పటికి చేతిలోని పైకము దాదాపు అయిపోయెను. చదువునకు జీతము కట్టవలెను. గదికి అద్దె యియ్యవలెను. మంచు కురియు దేశమున ఉన్నిబట్టలు లేక గడవదు. వైద్యము చేసి సంపాదింతమన్నచో, మద్రాసు పట్టముతో ఆ దేశమున వైద్యము చేయుటకు అనుమతి లేదు. అప్పు తెచ్చుకొనుటకు బంధువులు లేరు. వారములు చెప్పుకొనుటకు ఏడిండ్లు లేవు. కాని అమెరికా దేశమున వేరొక ఆచార ముండెను. భోజనశాలలలో పళ్ళెములు కడిగియు, వాకిళ్ళలో మంచు త్రవ్వి పోసియు చదువుకొను విద్యార్థులు అచ్చట అనేకులు. వారిని తోటివారు చిన్నచూపు చూచుట తక్కువ. సుబ్బారావు ఆ మార్గమునే పట్టెను.

ఆయనకు దొరికిన పని పీటరు బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని. ఆ ఆసుపత్రి హార్వర్డు వైద్యకళాశాల ప్రక్కనే యున్నది. లేవలేని రోగుల మంచముల క్రింది మలమూత్రపాత్రలను తీసికొనిపోయి, పారబోసి, కడిగి, మరల యథాస్థానమున పెట్టుట ఆయన విధి. పగలు ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో సూక్ష్మదర్శినిముందు కూర్చుండి చదువు. రాత్రి ఈ కొలువు. ఆ మంచములచెంత నుండు జ్వరపట్టికలు చూచి, రోగ మెట్లున్నదో తెలిసికొనగల విద్య ఆయనకు కలదు. అయినను వాని నడుగువా రెవ్వరును లేరు. ఆచారవంతుల యింట పుట్టి, కళాశాలలో శిష్యులకు పాఠములు చెప్పి వచ్చిన వానికి ఆ పని ఎంత కష్టముగా నుండి యుండునో ఊహింపవచ్చును. పనివలన వచ్చిన సొమ్ముతో ఆయన చదువు నిలిచెను. చూడబోయిన, సేవ చేయుదునని మఠమునకు పోయిన యువకునికి రోగిసేవలో అతిహీనమని లోకము తలచు భాగమే మొదట దక్కెను.

ఉష్ణదేశవ్యాధుల పట్టము చేతికి వచ్చిన తరువాత సుబ్బారావు ఇంటిముఖము పట్టలేదు. జబ్బుల మూలము తెలియవలెనన్నచో శరీరములో జరుగు రసాయనక్రియలు తెలియవలెనని నిశ్చయించుకొని, హార్వర్డులోనే జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె అను నాచార్యునివద్ద చేరెను.

రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత యున్నదో సరిగా కొలుచుట ఆ కాలమున శ్రమతో గూడిన పని. ఫిస్కెయు సుబ్బారావును దానికి సులభమైన పద్ధతి కనిపెట్టిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును చేర్చి, పిదప వేరొక రసాయనమును కలిపినచో నీలవర్ణము పుట్టును. భాస్వర మెక్కువగా నున్నచో నీలము చిక్కబడును, తక్కువైనచో పలుచబడును. ఆ రంగును తెలిసిన ప్రమాణముతో పోల్చి చూచినచో లెక్క తేలును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యందురు. కొన్ని దశాబ్దములపాటు ప్రపంచమంతట జీవరసాయన విద్యార్థులు దానిని నేర్చిరి.

ఆ కొలబద్ద చేతికి వచ్చుటతో పెద్ద రహస్యము బయటపడెను. కండరము పనిచేయుటకు శక్తి యెక్కడిది? చక్కెరనుండి పుట్టు లాక్టికామ్లమే మూలమని అంతవరకు శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి; ఆ పరిశోధనలకు నోబెల్ బహుమానము కూడ లభించి యుండెను. సుబ్బారావును ఫిస్కెయు కండరములో ఫాస్ఫోక్రియాటిన్ అను భాస్వరపదార్థ మున్నదని 1927లో చూపిరి. కండరము పనిచేయునప్పుడు అది తరుగును. విశ్రమించునప్పుడు మరల నిండును. 1929లో వారే కండరమునుండి ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ అను పండితుడు వేరుగా దానినే కనుగొనెను. ప్రాణులు చేయు పనులకు ఖర్చగు నాణెము వంటిది ఏ.టి.పి. అని నేటి పాఠశాల విద్యార్థికిని తెలియును.

1930లో సుబ్బారావునకు పిహెచ్.డి. పట్టము వచ్చెను. అయినను హార్వర్డులో ఆయన స్థితి ప్రతిభకు తగినట్లు పెరుగలేదు. ఆ ప్రయోగశాలలో పనిచేసి తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందిన హిచింగ్సు, సుబ్బారావు కృషిలో కొంత వెలుగు చూడకుండ పోవుటకు ఫిస్కె యే కారణమని చెప్పియున్నాడు. సుబ్బారావు మాత్రము వాదులాటకు దిగలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరునందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలములోనే అచ్చటి పరిశోధనకు అధ్యక్షు డయ్యెను.

అచ్చట జరిగిన పని ఒక జీవితమునకు మించినది. బొంబాయిలో గర్భిణీస్త్రీలకు కలుగు రక్తహీనత ఈస్టు సారమువలన నయమగుచున్నదని లూసీ విల్సు అను వైద్యురాలు 1931లో ప్రకటించి యుండెను. ఆ సారములోని గుణము ఏ పదార్థమువలన కలుగుచున్నదో తేల్చుటకు పలువురు శ్రమించిరి. సుబ్బారావు క్రింద పనిచేసిన బృందము 1945లో ఆ పదార్థమును, అనగా ఫోలికామ్లమును, ప్రయోగశాలలో తయారుచేసెను. స్ప్రూ రోగులకు రక్తము పట్టించిన మందు అదియే. సోదరులు మరణించిన ఇరువది యేండ్లకు పైబడిన పిదప ఆ మందు ఆయన చేతిమీదుగా లోకమునకు వచ్చెను.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను గూడ ఆ బృందము సిద్ధపరచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు వానిలో నొకదానిని రక్తపు కేన్సరుతో బాధపడు పసిపిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికముగా తగ్గుట చూచి 1948లో ప్రకటించెను. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు. ఆ ప్రయోగశాలలలోనే, డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గరు మిసోరి రాష్ట్రపు పొలము మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందు తీసెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది.

ఇంత సాధించినను ఆయన కుటుంబజీవితము మాత్రము ఓడ యెక్కిన నాడే ఆగిపోయెను. వారికి కలిగిన కుమారుడు పసితనముననే మరణించెను. శేషగిరి భర్తకొరకు ఎదురుచూచుచునే యుండెను. ఆయన మరల భారతదేశమునకు రాలేదు. ఒక పరిశోధన ముగియకముందే వేరొకటి మొదలగుచు వచ్చెను. నడుమ మహాయుద్ధము వచ్చెను. ఆమె చేసిన త్యాగమునకు ఏ గ్రంథములోను లెక్క వ్రాయబడలేదు. 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావు పెర్ల్ రివరున హృద్రోగముచే మరణించెను. 1953లో నొక బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టిరి. భారత తపాలా శాఖ 1995లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించెను.

ఆయన మందులలో తెలుగుదేశమునకు మిక్కిలి దగ్గరైనది హెట్రజాన్. కోస్తా జిల్లాలలో బోదకాలు చిరకాలముగా జనులను పీడించుచుండెను. దోమకాటువలన సన్నని పురుగులు శరీరములో చేరి, కాలు ఉబ్బి, మనిషి పనికి దూరమగును. లెడర్లీ బృందము తయారుచేసిన ఈ మందు ప్యూర్టోరికో ద్వీపమున రోగులకు ఇయ్యబడి, రక్తములోని ఆ పురుగుల పిల్లలను నశింపజేయునని 1947లో తేలెను. డి.ఇ.సి. అను పేర ఆ మందు తరువాత మన దేశమునకు వచ్చెను. 2004 మొదలు, బోదకాలు వ్యాపించిన జిల్లాలలో జనులందరికి ఏడాదికొకమారు దానిని మ్రింగించు కార్యక్రమము సాగెను. ఆరోగ్యశాఖవారు సంచులతో ఇంటింటికి పోయి ఆ బిళ్ళలు పంచిన జిల్లాలలో విశాఖపట్టణము ఒకటి. సుబ్బారావు పుట్టిన భీమవర మున్న పశ్చిమగోదావరి మరియొకటి.