కన్నుల లెక్క వ్రాసిన వైద్యుడు: రాబర్ట్ హెన్రీ ఎలియట్

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియో దేశనాయకులను గూర్చియో వ్రాయుదునని వారు తలచి యుందురు. కాని మన పఠనాలయమున ప్రతి ఉదయము పత్రికను చేయి చాచి దూరముగా పట్టుకొని చదువు పెద్దలను చూచునప్పుడెల్ల నాకు ఒక కంటివైద్యుని పేరు జ్ఞప్తికి వచ్చుచుండును. చదువరికి కంటికంటె మించిన పెట్టుబడి యేమున్నది?

ముందుగా మా యింటి మాట యొకటి చెప్పవలెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట మా బాపమ్మకు చూపు మందగించెను. అది శుక్లమే యనియు, పండిన పిదప శస్త్రము చేయింపవచ్చుననియు మేమందరము ఊరకుంటిమి. ఆమె గడపలు తన్నుకొనుచుండెను. ప్రక్కన నిలిచిన మనుమని కానక, ఎదుటనున్న దీపమును మాత్రము చక్కగా చూచుచుండెను. తీరా వైద్యునికి చూపించునప్పటికి అది శుక్లము కాదు, నీటికాసులని తేలినది. శుక్లముచే మరుగుపడిన చూపు శస్త్రముతో తిరిగి వచ్చును. నీటికాసులచే పోయినది మరి రాదు. తప్పు మాదే. ఆ దుఃఖమున నేను కంటి జబ్బులను గూర్చి దొరకినదెల్ల చదువసాగితిని. ఆ చదువులో తగిలినవాడు ఎలియట్.

ఈయన 1864లో జన్మించిన ఆంగ్లేయుడు. లండనులో వైద్యము నేర్చి, 1892లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. కొంతకాలము నాగుపాము విషముపై పరిశోధనలు చేసి పేరు గడించెను గాని, ఆయన జీవితమునకు అసలు రంగస్థలము మద్రాసు. అచ్చటి ప్రభుత్వ నేత్ర వైద్యశాల 1819లో స్థాపింపబడినది. లోకములోని అతి ప్రాచీన నేత్ర వైద్యశాలలలో ఒకటి. 1904 మొదలు సుమారు పదేండ్లు ఎలియట్ దానికి అధ్యక్షుడుగా నుండెను. నాడు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలు నిజాము ఏలుబడిలోనివి. కోస్తా, రాయలసీమ తెలుగువారు మాత్రము మద్రాసు రాజధాని ప్రజలే.

ఆ వైద్యశాల వాకిట ఆయనకు నిత్యము ఎదురైన వింత యొకటి కలదు. ఊరూర తిరుగు కంటివైద్యులు శుక్లము పట్టిన కంటిలో సూది గ్రుచ్చి, మసకబారిన కటకమును కంటిపాపకు అడ్డు తొలగునట్లు లోనికి క్రిందుగా త్రోయుచుండిరి. అడ్డు తొలగుటతోనే వెలుతురు కనబడును. రోగి ఆనందబాష్పములు రాల్చును. వైద్యుడు పైకము గైకొని పొరుగూరికి సాగిపోవును. పిదప కొన్ని దినములకో కొన్ని వారములకో కన్ను వాచును, చీము పట్టును, లేదా లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులుగా మారును. అప్పటికి ఆ వైద్యుడు ఊరిలో నుండడు.

సుశ్రుత సంహిత యనిన నాకు ఎనలేని గౌరవము. దాని ఉత్తరతంత్రమున లింగనాశమునకు చెప్పిన చికిత్స ఇదియే కదా యని మొదట నాకు ఎలియట్ మీద కొంత కినుక కలిగిన మాట వాస్తవము. మరల సుశ్రుతుని తెరచి చూచితిని. ఏ దోషముచే కలిగిన పొరను వేధింపవచ్చునో, దేనిని ముట్టరాదో అందు చెప్పబడినది. యవవక్త్రమను శలాక చెప్పబడినది. శస్త్రానంతరము కంటికి నేయి పూసి గుడ్డతో కట్టు కట్టి, రోగిని వెల్లకిల పరుండబెట్టి, తుమ్ము, దగ్గు, త్రేనుపు, ఉమ్ము రాకుండ కాపాడవలెనని విధింపబడినది. తప్పు గ్రుచ్చినచో కలుగు ఉపద్రవములు సైతము దాచబడలేదు. సంచార వైద్యుల చేతిలో సూది మిగిలినది, శాస్త్రము జారిపోయినది. నా కినుక అంతటితో తీరెను.

ఎలియట్ చేసిన పని సంచార వైద్యులను తిట్టుట కాదు; లెక్క వ్రాయుట. అట్లు సూది పడి చెడి వచ్చిన కన్నులను ఏడు వందలకు పైగా పరీక్షించి, ఏ కంటికి ఎంత చూపు మిగిలినదో నమోదు చేసెను. బాధ తాళలేక తీసివేయవలసి వచ్చిన కనుగ్రుడ్లను పారవేయక, కోసి, లోన కటకము ఎచ్చట పడియున్నదో, ఏ భాగము చెడినదో చూచెను. నష్టపోయినవారే అధిక సంఖ్యాకులని ఆ లెక్క తేల్చినది. జమాఖర్చులు వ్రాయు వృత్తిలో తల నెరసిన నాకు ఇచ్చట ఒక సందేహము రాకపోలేదు. చూపు నిలిచినవాడు ఆసుపత్రికి రాడు, చెడినవాడే వచ్చును. కావున ఆసుపత్రి పుస్తకమున నష్టము కొంత హెచ్చుగా కనబడక తప్పదు. అయినను అంతకు పూర్వము అసలు పుస్తకమే లేదని మరువరాదు. ఈ విషయముపై ఆయన 1917లో లండనులోని రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్ యందు చేసిన ఉపన్యాసములు గ్రంథరూపము దాల్చినవి.

ఇక ఆయన కీర్తికి మూలమైనది నీటికాసుల శస్త్రము. కంటి లోపల ఒక పలుచని నీరు నిరంతరము ఊరుచు, నల్లగ్రుడ్డు అంచున నున్న సన్నని దారులగుండ బయటికి పోవుచుండును. ఊట ఆగక, తూము పూడినచో చెరువున కేమగునో కంటికిని అదియే యగును. ఒత్తిడి పెరిగి, చూపును మెదడునకు కొనిపోవు నరము క్రమముగా నశించును. తరచుగా నొప్పి యుండదు. ముందుగా పోవునది ప్రక్కచూపు. సిరిసిల్ల మగ్గముకడ నిలిచిన నేతగాడు ఎదుట తెగిన పోగును ముడివేయగలుగుచునే యుండును. ప్రక్కన వచ్చు మనిషిని మాత్రము కానడు. అందుచే తనకు జబ్బున్నదని అతడు కలనైన తలపడు.

ఎలియట్ 1909లో ఆ చెరువునకు కొత్త తూము వేసెను. తెల్లగ్రుడ్డుపై నున్న పలుచని పొరను పైకెత్తి, నల్లగ్రుడ్డు తెల్లగ్రుడ్డు కలియు అంచున, చిన్న గొట్టమువంటి గుండ్రని కత్తిని వ్రేళ్ళతో త్రిప్పి, రెండు మిల్లీమీటర్ల వెడల్పుగల రంధ్రము తొలిచి, ఎత్తిన పొరను మరల దానిపై కప్పెడివాడు. లోని నీరు ఆ రంధ్రమునుండి పొర క్రిందికి చేరి, మెల్లగా ఇంకిపోవును. గ్లాస్గో నగరమున ఫెర్గస్ అను వైద్యుడును ఆ కాలముననే ఇట్టి ప్రయత్నమే చేసెను గాని, మద్రాసు పద్ధతియే లోకమున వ్యాపించినది. 1913లో దానిపై ఎలియట్ ఒక గ్రంథమును ప్రకటించెను.

లోపము లేదని చెప్పిన అసత్యమగును. రంధ్రముపై కప్పిన పొర పలుచనిదగుటచే, కొందరికి ఏండ్లు గడచిన పిదప దానిగుండ క్రిములు చొరబడి కన్ను చెడినది. 1968లో ఇంగ్లండున కెయిర్న్స్ అను వైద్యుడు, తెల్లగ్రుడ్డు పొరనే సగము మందమున మూతగా మలచి, దాని చాటున తూము తీయు పద్ధతిని ప్రకటించెను. అది వచ్చిన పిమ్మట ఎలియట్ పద్ధతి వెనుకబడినది. పాపకు అడ్డుపడు పొరను తీయుట పాతవిద్య. నీటికి దారి చూపుట ఈయన తరమున కుదురుకొన్న విద్య.

పదవి విడిచి లండను చేరిన పిదప ఆయనకు మరొక వ్యసనము పట్టినది, గారడీ! ఆకాశమునకు త్రాడు విసరి, బాలుని దానిపై కెక్కించి మాయము చేయుదురని మన దేశమును గూర్చి ఐరోపాలో చెప్పుకొను కథను ఆయన నమ్మలేదు. మేజిక్ సర్కిల్ అను ఐంద్రజాలికుల సంఘమున విచారణ సమితికి అధ్యక్షుడై, ఆ విద్యను బహిరంగముగా చేసి చూపినవారికి 500 గినీలు బహుమానమని 1934లో చాటించిరి. ఆ సొమ్ము ఎవరికిని దక్కలేదు. సూది పడగానే కలుగు వెలుతురును చూచి మోసపోని కన్ను, త్రాటిని చూచి మోసపోవునా? 1936లో ఎలియట్ కాలధర్మము చెందెను. మద్రాసు ఎగ్మూరు వైద్యశాలలోని నేత్రవైద్య విద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి.

ఆయన గతించిన అరువదియేండ్లకు, 1996 నుండి 2000 వరకు, హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు నాటి ఆంధ్రప్రదేశమున నాలుగు ప్రాంతములలో పదివేలకు మించిన జనుల కన్నులు పరీక్షించిరి. అందు మన గోదావరికి ఆవలియొడ్డుననున్న ఆదిలాబాదు జిల్లా యొకటి. నీటికాసులు బయటపడినవారిలో అత్యధికులకు పరీక్ష జరుగువరకు తమకు ఆ జబ్బున్నట్లే తెలియదని అందు తేలినది. ఆ లెక్క చదివిన దినమున నేను పుస్తకము మూసి, మా ఇంటి గడపను చాలసేపు చూచుచు కూర్చుంటిని.