ఒక్కడే నిలబడి వేలమందిని కూర్చోబెట్టిన మనిషి: ఆదిభట్ల నారాయణదాసు

పోయిన ఏడాది మన వార్షికోత్సవంలో జరిగిన ఒక సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఒక తమ్ముడు పద్యం పాడతానని పేరు ఇచ్చాడు. యూ టీ పక్కన సుంగై కడుట్‌లో పని దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నేరుగా స్టేజీ ఎక్కాడు. రూములో బ్రహ్మాండంగా పాడే మనిషి, మైకు ముందు రెండో పాదం దగ్గరే ఆగిపోయాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అతను తల దించుకుని దిగిపోయాడు. ఆ తరవాత నెల రోజులు రూములో కూడా పాడలేదని తెలిసి మాకు చాలా బాధ కలిగింది.

అందుకే ఈ ఏడాది సంచికలో ఒక పెద్దమనిషి జీవితం చెప్పాలనుకున్నాం. స్టేజీ మీద ఒంటరిగా నిలబడడమంటే ఏమిటో మన తెలుగువాళ్ళకి చూపించినవాడు ఆయన. పేరు ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడని బిరుదు.

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ అనే ఊళ్ళో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. కలిగిన కుటుంబం కాదు. తల్లి నోట విన్న పోతన భాగవత పద్యాలు పసితనంలోనే కంఠతా వచ్చేశాయి. ఆ పద్యాలు గడగడా అప్పజెబితే పుస్తకాల కొట్టువాడు మెచ్చి భాగవతం ఊరికే ఇచ్చేశాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. తరవాత చదువుకోసం విజయనగరం చేరారు. అక్కడ ఇంగ్లీషు చదువూ అబ్బింది, సంగీతమూ అబ్బింది.

1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే ఆయన విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. కుర్రవాడైన దాసుగారు అది చూశారు. ఇదే నా దారి అని ఆయనకి అక్కడే తోచింది. ఎవరి కథనో అరువు తెచ్చుకోలేదు. ధ్రువ చరిత్ర తానే రాసుకుని, తానే బాణీలు కట్టుకుని, అదే ఏడాది విజయనగరంలో చెప్పారు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

హరికథ అంటే మనలో కొందరికి ఊళ్ళో శ్రీరామనవమి పందిరి గుర్తొస్తుంది, ఇప్పటి కుర్రాళ్ళకి అదీ తెలియకపోవచ్చు. ఒక్క మనిషి. కట్టు పంచె, మెడలో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. వెనక మృదంగం, పక్కన ఫిడేలు. ఆ ఒక్క మనిషే రాజు, ఆయనే రాణి, ఆయనే కాపలా బంటు. పద్యం పాడతాడు, వెంటనే మాటల్లోకి దిగుతాడు, అడుగు వేస్తాడు, జనం కునుకు తీస్తుంటే ఓ పిట్టకథ చెప్పి నవ్విస్తాడు, ఆ నవ్వు ఆగకముందే ఏడిపిస్తాడు. ఆ రోజుల్లో మైకుల్లేవు. ఆరుబయట చివర కూర్చున్న ముసలమ్మకి కూడా మాట స్పష్టంగా చేరాలి. గొంతు, ఊపిరి, నిలబడే తీరు అన్నీ కలిస్తేనే అది కుదిరేది.

దాసుగారికి ఠీవి ఎక్కువ. పట్టుబట్టలు, నగలు, దండలు లేకుండా వేదిక ఎక్కేవారు కాదు. ఆయన ఫొటోల్లో కూడా ఆ దర్జా కనబడుతుంది. అదంతా డాబు అనుకునేవాళ్ళు అప్పుడూ ఉండి ఉంటారు. మాకు అనిపించేదేమిటంటే, ఆ డాబు వెనక సరుకు ఉంది. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు రకాల తాళాలు ఒకేసారి నడిపి, పల్లవి పాడి విద్వాంసుల్ని నిర్ఘాంతపరిచారు. అందుకే ఆయన్ని పంచముఖి పరమేశ్వరుడన్నారు. పని చేసే మనకి దీని బరువు తెలుస్తుంది. కుడిచేత్తో ఒక లెక్క, ఎడంచేత్తో ఇంకో లెక్క వేసి చూడండి, పది సెకన్లలో రెండూ కలిసిపోతాయి.

ఆయన కేవలం ఆటగాడు కాదు. సంస్కృతం, పారశీకం, అరబ్బీ, ఇంగ్లీషు వచ్చినవాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చి 1932లో పుస్తకం తెచ్చారు. తొంభై రాగాలతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కట్టారు. మనం నవ్వుకునే పిట్టకథ వెనక అంత చదువు ఉండేదన్నమాట.

1919లో విజయనగరం రాజావారు సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న కోరిక నుంచే ఆ కళాశాల పుట్టిందని చెబుతారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసుగారు. 1936 వరకు నడిపి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతికి అప్పగించారు. తరవాతి కాలంలో ఘంటసాల, సుశీల చదువుకున్నది ఆ కళాశాలలోనే. డార్మిటరీలో రాత్రి ఫోనులో మనం వినే పాత పాటలకి, ఆ గజ్జెల చప్పుడుకి ఇంత దగ్గర చుట్టరికం ఉంది. దాసుగారు 1945 జనవరి 2న కన్నుమూశారు.

ఇలాంటి మనుషులు మనకే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే రేవుపట్నం ఉంది. అక్కడ కూలినాలి చేసుకునే నల్లవాళ్ళ మధ్య జాజ్ సంగీతం పుట్టిన రోజుల్లో బడ్డీ బోల్డెన్ అనే ఆయన బూరా ఊదేవాడు. 1877లో పుట్టాడు. ఆయన ఊదితే మైళ్ళ దూరం వినబడేదని, పక్క పార్కులో ఇంకొకరి ఆట చూస్తున్న జనం కూడా లేచి ఇటు వచ్చేసేవారని కథలుగా చెప్పుకుంటారు. మతి చలించి 1907లో ఆసుపత్రి పాలై, 1931లో అక్కడే పోయాడు. ఆయన ఊదిన ఒక్క పాట కూడా ఇవాళ రికార్డుగా దొరకదు. అదే ఊళ్ళో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తరవాత ప్రపంచమంతా తిరిగాడు. చేతిలో తెల్ల రుమాలు, ముఖం నిండా నవ్వు. ఆ నవ్వు చూసి విదూషకుడని చిన్నచూపు చూసినవాళ్ళున్నారు. బూరా నోట పెట్టాక మాత్రం ఎవరికీ మాట వచ్చేది కాదు.

బోల్డెన్ గొప్పతనం విన్నవాళ్ళ నోటి మాటగానే మిగిలింది. దాసుగారి స్టేజీ కూడా మనలో ఎవరూ చూడలేదు. తాతలు చూశారు, తండ్రులకి చెప్పారు. అంటే వేదిక ఎక్కినవాడు ఎంత ముఖ్యమో, కింద కూర్చుని విన్నవాడూ అంతే ముఖ్యం. వినేవాళ్ళు సరిగ్గా లేకపోతే ఆ విద్య అక్కడితో పోతుంది. పోయిన ఏడాది నవ్విన తమ్ముడు ఎవరో మేం అడగం. ఈసారి నవ్వొద్దని మాత్రం అందరినీ బతిమాలుతున్నాం.

దాసుగారు కూడా మొదటి రోజే పితామహుడు కాలేదు. ఒకరిది చూశారు, ఇంటికెళ్ళి సొంతంగా రాసుకున్నారు, పాడి పాడి రాటుదేలారు. పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి సాధనకి టైము ఎక్కడిది అని అడగొచ్చు. నిజమే. లారీలో వెళ్ళేటప్పుడు అరగంట ఉంటుంది, ఆదివారం బట్టలు ఉతికేటప్పుడు ఓ గంట ఉంటుంది. పెదాలు కదిపితే చాలు. స్టేజీ మీద మొదట కాళ్ళు గట్టిగా ఆనించండి, ఒక్కసారి ఊపిరి తీసుకోండి, ఆఖరి వరస వైపు చూసి మొదలుపెట్టండి. ఆగిపోతే మళ్ళీ మొదటి పాదం ఎత్తుకోండి, తప్పు లేదు.

ఆ తమ్ముడితో మేం మాట్లాడాం. మొదట వద్దన్నాడు. మొన్న ఆదివారం యూ టీ స్టేషన్ బయట కలిసినప్పుడు, పద్యం అదే ఉంచాలా మార్చాలా అని అడిగాడు. అదే ఉంచమన్నాం. జాబితాలో అతని పేరు మొదట రాశాం. మిగతా గళ్ళు ఖాళీగా ఉన్నాయి, మీ పేర్లు కమిటీవాళ్ళకి ఇవ్వండి.