సర్ రోనాల్డ్ రాస్: మైక్రోస్కోపులో ఒక కొలత

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో (అప్పటి కృష్ణా జిల్లా, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) మలేరియా స్లైడులు చూడటమే వృత్తిగా గడిపినవాడిని గనుక, ఈ ప్రత్యేక సంచికకు రాస్ గారి జీవితం గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన 1857 మే 13న ఆల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. లండన్‌లో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా క్రిమిని 1880లోనే లావెరాన్ కనుగొన్నారు. అది మనిషికి ఎలా చేరుతుందో మాత్రం అప్పటికి తేలలేదు. 1894లో లండన్‌లో మాన్సన్ ఆ క్రిమిని రాస్ గారికి మైక్రోస్కోపులో చూపించి, దోమలను పరీక్షించమని ప్రోత్సహించారు.

1895 నుండి సికింద్రాబాదులో ఆయన వందలాది దోమలను కోసి చూశారు. విసనకర్ర గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమలను దాచి, 1897 ఆగస్టు 20న ఒకదానిని కోశారు. రెక్కలపై మచ్చలున్న ఆ దోమ కడుపు గోడలో, సుమారు 12 మైక్రాన్ల గుండ్రని కణాలు, లోపల నల్లని రేణువులతో కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవి మరింత పెద్దవైనాయి. పెరుగుతున్నది గనుక అది క్రిమియే అని నిశ్చయించుకున్నారు.

ఇక్కడే కొలత విలువ తెలుస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మిల్లీమీటరును నూరు భాగాలు చేసిన గాజు స్లైడు ఒకటి ఉంటుంది. అందులో ఒక గీతకు, మరో గీతకు నడుమ 10 మైక్రాన్లు. కంటి అద్దంలోని స్కేలును దీనితో సరిచూసుకోవాలి. 10, 40, 100 లెన్సులకు వేర్వేరుగా చూడాలి, ఎందుకంటే లెన్సు మారితే స్కేలు విలువ మారుతుంది. ఈనాడు కెమెరా, కంప్యూటరు వచ్చినా పద్ధతి అదే. ఒక పిక్సెలు ఎన్ని మైక్రాన్లో ప్రతి లెన్సుకూ వేరుగా నమోదు చేయాలి. 100 లెన్సుతో తీసిన బొమ్మకు 40 లెన్సు లెక్క వాడితే 12 మైక్రాన్ల కణం 30గా చూపుతుంది. యంత్రం తనంతట తాను ఆ తప్పు చెప్పదు.

కొద్ది వారాలకే ఆయనను మలేరియా అంతగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు. బదిలీ బాధ మనకు తెలియనిదా! అయినా 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో వ్యాపిస్తుందని నిరూపించారు. అదే సంవత్సరం మనుషుల మలేరియా విషయం ఇటలీలో గ్రాస్సీ బృందం తేల్చింది. ఘనత ఎవరిదన్న తగవు చాలాకాలం సాగింది. 1902లో రాస్ గారికి నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు మనవలకు, మనవరాళ్ళకు బేగంపేటలోని ఆయన పరిశోధించిన భవనం గురించి చెప్పండి. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి. ఆయనకు మనం చెల్లించగల నివాళి అదే.